ఘాట్ ఎక్కే ముందు పాత బుల్లెట్‌ను ఇంటి దగ్గరే సిద్ధం చేసుకోవడం ఎలా

ఒడిశాలోని మా రాయగడ నుంచి ఎటు బయల్దేరినా కొండలే. లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ వెళ్లి, సెమిలిగుడ, పొట్టంగి దాటి, సుంకి ఘాట్ దిగి సాలూరు చేరి, పార్వతీపురం, కూనేరు మీదుగా మళ్లీ ఇల్లు పట్టొచ్చు. వానలు తగ్గాక దసరా నుంచి సంక్రాంతి దాకా ఈ చుట్టు తిరగడం నాకు ఎంతో ఇష్టం. మా నాన్న వాడిన పాత బుల్లెట్ మీదే తిరుగుతాను. కాస్ట్ ఐరన్ ఇంజన్, 346 సీసీ, 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, పాయింట్ల మోడల్. పాయింట్లంటే, ప్లగ్గులో నిప్పు రవ్వ పడేలా కరెంటును కలిపి తెంచే రెండు చిన్న లోహపు ముఖాలు. ఇక్కడ చెప్పే కొలతలన్నీ ఆ ఇంజన్‌కు సంబంధించినవే. కొత్త మోడళ్లకు ఇవి పనికిరావు.

ఇన్నేళ్లలో నాకు అర్థమైన సంగతి ఒకటుంది. పాత బండి దారిలో ఆగిందంటే ఇంజన్ పాడైందని కాదు. చాలాసార్లు నిప్పు రవ్వ సరిగ్గా పడదు, లేదా పెట్రోలు అందదు, లేదా కేబుల్ తెగుతుంది, లేదా ఏదో ఒక నట్టు వదులై ఊడిపోతుంది. ఈ నాలుగూ కొన్ని రోజుల ముందే ఏదో ఒక గుర్తు చూపిస్తాయి. అప్పుడు మీరు దగ్గరుండి చూసుంటే ఆ పని ఇంటి వాకిట్లోనే అయిపోతుంది. చూడకపోతే సుంకి మలుపులో లారీల మధ్య చేసుకోవాల్సి వస్తుంది.

కాబట్టి పని ప్రయాణానికి ముందు రోజు రాత్రి మొదలుపెట్టకండి. రెండు వారాల ముందు మొదలుపెట్టండి. ఒక రోజు ఒకే భాగం ముట్టుకోండి, ఆ తర్వాత బండిని ఇరవై కిలోమీటర్లు తోలి చూడండి. ఒకేసారి పాయింట్లు, కార్బురేటర్, వాల్వులను తెరిపించే ట్యాపెట్లు అన్నీ కదిపేస్తే, తర్వాత బండి మొరాయించినప్పుడు తప్పు ఎక్కడ జరిగిందో తెలియదు.

ముందు తుడవడం

బండిని నీళ్ల ప్రెషర్‌తో కడిగించకండి. ఆ నీళ్లు పాయింట్ల డబ్బాలోకి, చక్రాల బేరింగుల్లోకి, హెడ్‌లైట్ గిన్నెలోని వైర్ల మధ్యకు వెళ్లిపోతాయి. కిరోసిన్ తడిపిన గుడ్డతో ఇంజన్ అంతా చేత్తో తుడవండి. తుడుస్తున్నప్పుడు ప్రతి నట్టు మీదా వేలు పెట్టి చూడండి. ఇంజన్ పట్టుకునే స్టడ్లు, సైలెన్సర్ క్లాంపు, వెనక మడ్‌గార్డ్ కడ్డీలు, హ్యాండిల్ క్లాంపులు, ఫుట్‌రెస్టులు. ఈ ఇంజన్ అదురుకు ఇవి వదులవడం మామూలే. నట్టు పక్కన తుప్పు పొడి గానీ, మెరిసే కొత్త గీత గానీ కనిపిస్తే అక్కడ కదలిక ఉన్నట్టే. స్ప్రింగ్ వాషర్ చదునైపోయి ఉంటే మార్చేయండి, దానికి పెద్ద ఖర్చేమీ కాదు.

తుడిచాక పాత పేపరొకటి ఇంజన్ కింద పరిచి రాత్రంతా వదిలేయండి. పొద్దున ఎక్కడ మరక పడిందో చూస్తే, నూనె ఎక్కడి నుంచి కారుతోందో తెలిసిపోతుంది. ఒకటి రెండు చుక్కలకు టెన్షన్ పడక్కర్లేదు. అరచేతంత మరకైతే మాత్రం ఆ ప్యాకింగ్ మార్చాక గానీ బయల్దేరకండి.

నూనె

ఈ బండికి ఇంజన్ నూనె వేరే ట్యాంకులో ఉండదు, క్రాంక్‌కేస్‌లోనే ఒక గదిలో ఉంటుంది. బండి కొన్ని వారాలు నిలబడితే ఆ నూనె మెల్లగా పక్కకు, క్రాంకు ఉన్న వైపుకు దిగిపోతుంది. అలాంటప్పుడు నూనె కొలిచే కడ్డీ మీద గీత చూస్తే తక్కువ కనిపిస్తుంది. కంగారుపడి పైనుంచి పోసేస్తారు. తర్వాత అది ఎక్కువై బ్రీదర్ పైపు నుంచి కక్కేస్తుంది, సైలెన్సర్ నుంచి తెల్ల పొగ వస్తుంది. బండిని ఐదు నిమిషాలు నడిపి, ఆపి, ఆ తర్వాతే గీత చూడండి.

నేను 20డబ్ల్యూ50 నూనె వాడతాను, రెండు వేల కిలోమీటర్లకోసారి మారుస్తాను. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడే దించాలి, మురికి కూడా దానితోపాటే వస్తుంది. ఫిల్టర్ మార్చండి, డ్రెయిన్ ప్లగ్గుల దగ్గర ఉండే జల్లెడలను పెట్రోలుతో కడగండి. దించిన నూనెను తెల్లటి పింగాణీ పళ్లెంలో కొంచెం పోసి ఎండలో చూడండి, రెండు వేళ్ల మధ్య రుద్దండి. నల్లగా, మెత్తగా ఉంటే పర్వాలేదు. వెండి రంగు రేకులు తళతళలాడితే లోపల బేరింగు అరుగుతున్నట్టు. అప్పుడు ప్రయాణం మాట మానుకుని ఇంజన్ విప్పించండి. తీసిన నూనెను డబ్బాలో పట్టి షెడ్డులో ఇచ్చేయండి, కాలువలో పోయొద్దు. మన ఊరి కాలువలన్నీ చివరికి నాగావళిలోనే కలుస్తాయి.

కొత్త నూనె పోశాక ఒక చిన్న పరీక్ష చేయండి. బండి స్టార్ట్ చేసి, పైన వాల్వులను నొక్కే రాకర్ల మీదికి నూనె తీసుకెళ్లే సన్న గొట్టం బోల్టును అర చుట్టు వదులు చేయండి. అక్కడ నూనె ఊరుతూ కనిపించాలి. ఊరితే పంపు పనిచేస్తోంది. ఒకటి రెండు నిమిషాలైనా రాకపోతే ఇంజన్ వెంటనే ఆపేయండి. ప్రైమరీ చైన్‌కేసులో, గేర్‌బాక్స్‌లో మట్టం చూసుకోవడం కూడా ఇదే రోజు పెట్టుకోండి.

ట్యాపెట్లు

ఇక్కడ తొందరపడకండి. ఒకసారి నాకు పని ఉండి బండిని ఒక షెడ్డులో వదిలాను. ట్యాపెట్ల చప్పుడు పోవాలని అక్కడ గట్టిగా బిగించేశారు. బండి నిశ్శబ్దంగా నడిచింది, నాకూ సంతోషమేసింది. వారం తర్వాత వేడెక్కితే చాలు, ఆగిపోవడం మొదలైంది. కిక్ కొడితే కాలికి బరువే తగల్లేదు. ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా మూసుకోక, దాని అంచు కాలిపోయింది. హెడ్డు విప్పి వాల్వు మార్చాల్సి వచ్చింది. కొంచెం చప్పుడు చేసే ట్యాపెట్ మంచిదే. అసలు చప్పుడే లేని ట్యాపెట్‌ను అనుమానించండి.

ఇంజన్ పూర్తిగా చల్లారాక, పొద్దున్నే చేయండి. సెంటర్ స్టాండ్ వేసి, ప్లగ్గు తీసి, నాలుగో గేర్ వేయండి. వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా ముందుకు తిప్పుతూ ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెట్టండి. గాలి వేలిని బయటికి తోస్తుందంటే పిస్టన్ కంప్రెషన్‌లో పైకి వస్తున్నట్టు. ఒక సన్న ప్లాస్టిక్ స్ట్రాను రంధ్రంలో నిలబెడితే, అది పైకి లేచి ఆగే చోటు తెలుస్తుంది. అక్కడ ఆపండి. ఇప్పుడు రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి.

కుడివైపు సిలిండర్ అడుగున ఉన్న ట్యాపెట్ మూత విప్పండి. లోపల రెండు పుష్‌రాడ్లు, అంటే ట్యాపెట్ల కదలికను పైకి చేర్చే కడ్డీలు, కనిపిస్తాయి. ఒక్కోదాన్ని రెండు వేళ్లతో పట్టుకుని తిప్పండి. సులువుగా తిరగాలి, కానీ పైకీ కిందికీ కదిపితే కదలకూడదు. ఇదే సరైన సెట్టింగు, సందు కొలిచే ఫీలర్ గేజ్‌తో పని లేదు. తిరగడానికి బిగువుగా ఉంటే లాక్ నట్టు వదులు చేసి అడ్జస్టర్‌ను పావు చుట్టు దించండి. పైకీ కిందికీ ఆడుతుంటే కొంచెం ఎక్కించండి. లాక్ నట్టు బిగించేటప్పుడు అడ్జస్టర్ కూడా దానితో తిరిగిపోతుంది కాబట్టి రెండో పానాతో దాన్ని గట్టిగా పట్టుకోండి. బిగించాక మళ్లీ వేళ్లతో తిప్పి చూడండి. చక్రాన్ని రెండు చుట్లు తిప్పి, మళ్లీ అదే చోటికి తెచ్చి మరోసారి చూడండి. మూడుసార్లు చూశానే అని విసుక్కోవద్దు.

పాయింట్లు, కండెన్సర్, అమ్మీటర్ ముల్లు

బుల్లెట్‌లో అన్నిటికంటే నమ్మకమైన పరికరం హెడ్‌లైట్ పక్కనున్న, కరెంటు వచ్చిపోవడం చూపించే ఆ చిన్న అమ్మీటర్. చాలామంది దానివైపు చూడనే చూడరు. ఇగ్నిషన్ ఆన్ చేసి, సిలిండర్‌లోని ఒత్తిడిని వదిలేసే డీకంప్రెసర్ నొక్కి, కిక్కర్‌ను కాలితో మెల్లగా దించండి. ముల్లు మైనస్ వైపు ఒరగాలి, ఒకచోట మళ్లీ మధ్యకు రావాలి. ఒరిగినప్పుడు పాయింట్లు మూసుకుని ఉన్నాయని, మధ్యకు వచ్చినప్పుడు తెరుచుకున్నాయని అర్థం. ముల్లు ఎంత కిక్ చేసినా మధ్యలోనే నిలబడిపోతే, ప్లగ్గుకు ఎక్కువ వోల్టేజీ ఇచ్చే కాయిల్‌కు కరెంటు వెళ్లడం లేదు. ఫ్యూజు, బ్యాటరీ టెర్మినల్, ఎర్త్ వైరు, పాయింట్ల ముఖం మీద మసి, ఈ వరసలో చూడండి. ముల్లు మైనస్‌లోనే ఉండిపోయి మధ్యకు రాకపోతే పాయింట్లు తెరుచుకోవడం లేదు, లేదంటే పాయింట్ల మధ్య మెరుపును అణిచే కండెన్సర్ షార్ట్ అయింది.

స్టార్ట్ చేయడానికీ ఇదే దారి. ముల్లు మధ్యకు వచ్చిన చోట డీకంప్రెసర్ వదిలి, కిక్కర్‌ను పైకి రానిచ్చి, అప్పుడు ఒక్క నిండు కిక్. బలం అక్కర్లేదు. కాలు విరగ్గొట్టే ఎదురు తన్నుడు ఉండదు.

పాయింట్ల డబ్బా మూత తీసి, రెండు ముఖాలూ పూర్తిగా తెరుచుకునే దాకా చక్రాన్ని తిప్పండి. సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. ముఖాలు బూడిద రంగులో సాఫీగా ఉంటే మంచిది. ఒకవైపు బొడిపె, ఎదురుగా గుంట ఉంటే సన్నటి ఆకురాయితో సమం చేయండి, గుంట లోతుగా ఉంటే కొత్త సెట్టు వేయండి. తర్వాత శుభ్రమైన తెల్ల కాగితం ముక్కను ముఖాల మధ్య పెట్టి లాగండి. నూనె జిడ్డు కాగితానికి అంటుకుని వచ్చేస్తుంది. ఈ ఒక్క పని వదిలేసి చాలామంది కొత్త పాయింట్లు కూడా పాడని తేల్చేస్తారు. కామ్ మీద గోటి మీద పట్టేంత గ్రీజు చాలు. సందు మారితే టైమింగ్ కూడా కొంచెం జరుగుతుంది. టైమింగ్ మాత్రం తెలిసినవాళ్ల దగ్గర కూర్చుని చూసి నేర్చుకోండి, చదివి చేసేది కాదు.

ఒకసారి పొట్టంగి దాటాక బండి టపటపమని కొట్టుకుని ఆగిపోయింది. నేను కార్బురేటర్ మురికి అనుకుని, రోడ్డు పక్కన చెట్టు కింద దాన్ని మొత్తం విప్పాను. రెండు గంటలు పోయాయి. చివరికి పాయింట్ల మూత తీస్తే కండెన్సర్ బిగించే చిన్న స్క్రూ సగం ఊడి వేలాడుతోంది. అమ్మీటర్ ముల్లు ఒక్కసారి చూసుంటే కరెంటు వైపు తప్పని ఐదు నిమిషాల్లో తెలిసేది. అప్పటి నుంచి కార్బురేటర్ మీద చెయ్యి వేసే ముందు ముల్లు చూడకుండా ఉండను.

వేడెక్కాక బండి తడబడి, చల్లారగానే మళ్లీ మామూలుగా నడుస్తుంటే ముందు కండెన్సర్‌ను, తర్వాత కాయిల్‌ను అనుమానించండి. పాయింట్ల మధ్య పెద్ద నీలి మెరుపు కనిపించడం కూడా కండెన్సర్ గుర్తే. ప్లగ్గు సందు 0.5 మిల్లీమీటర్లు. ఘాట్ ఎక్కి ఆగాక ప్లగ్గు తీసి చూడండి. ఇటుక పొడి లాంటి గోధుమ రంగు ఉంటే బాగుంది, పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, సున్నంలా తెల్లగా ఉంటే గాలి ఎక్కువ. కోరాపుట్ ఎత్తుకు మసి కొంచెం పెరుగుతుంది. దానికోసం జెట్టు మార్చక్కర్లేదు.

పెట్రోలు వైపు

ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. పాత బండి రబ్బరు పైపులు, వాషర్లు దాని కోసం చేసినవి కావు. అవి ఉబ్బి, మెత్తబడి, ముక్కలుగా రాలతాయి. ఇథనాల్ గాలిలో తేమను కూడా పీల్చుకుంటుంది కాబట్టి, సగం ఖాళీగా నిలబెట్టిన ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. పెట్రోలు పైపు గట్టిపడినా, జిగటగా తగిలినా కొత్తది వేయండి. ట్యాంకు కింది పెట్రోలు కాక్ దగ్గర గాజు సీసా పట్టి కొంచెం పెట్రోలు దించి చూడండి. అడుగున నీటి బుడగ గానీ, ఎర్ర పొడి గానీ ఉంటే ట్యాంకు దించి కడగాల్సిందే. పది రోజులకు మించి బండి నిలబెడుతుంటే కాక్ మూసి, ఫ్లోట్ గిన్నెలో పెట్రోలు అయిపోయి ఇంజన్ తనంతట తానే ఆగేదాకా నడపండి.

కార్బురేటర్ జెట్లను తీగతో పొడవకండి, రంధ్రం పెద్దదవుతుంది. గాలి కొట్టండి, చాలు. ఎయిర్ స్క్రూను పూర్తిగా బిగించి ఒకటిన్నర చుట్టు వదలండి. ఇంజన్ వేడెక్కాక అటూ ఇటూ పావు చుట్టు తిప్పుతూ, ఐడిల్ అన్నిటికంటే నిలకడగా కొట్టుకునే చోట ఆపండి.

బ్రేకులు, చక్రాలు, చైను

సుంకి ఘాట్‌లో దిగేటప్పుడు మీ ప్రాణం డ్రమ్ బ్రేకుల మీద ఉంటుంది. రెండు చక్రాలూ విప్పి షూలు చూడండి. అద్దంలా నునుపెక్కి మెరుస్తుంటే ఎమరీ పేపరుతో అడ్డంగా గరుకు చేయండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. పాత షూల పొడిలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, ఆ పొడిని నోటితో ఊదకండి. తడి గుడ్డతో తీయండి. షూ మీద గ్రీజు మరక పడితే రుద్ది వాడదామనుకోవద్దు, కొత్తవి వేయండి. బిగించాక చక్రాన్ని తిప్పితే ఎక్కడా రాసుకోకూడదు.

దిగేటప్పుడు, ఎక్కడానికి ఏ గేర్ వాడారో అదే గేర్‌లో దిగండి. పెట్రోలు మిగులుతుందని ఇంజన్ ఆపి న్యూట్రల్‌లో దొర్లించేవాళ్లను ఇక్కడ రోజూ చూస్తుంటాను, చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. బ్రేక్ లీవర్ మెత్తగా లోపలికి పోతోందనిపిస్తే డ్రమ్ము కాగిపోయినట్టు. పక్కన ఆపి చల్లారనివ్వండి, దాని మీద నీళ్లు పోయకండి.

స్పోకుల్ని పానాతో ఒక్కొక్కటి మీటండి. బిగువుగా ఉన్నది టింగుమంటుంది, వదులైనది దబ్‌మంటుంది. టైరు పక్క గోడ మీద చివరి నాలుగంకెలు చూడండి. 2318 అంటే 2018లో 23వ వారం తయారైందని. గాట్లు ఎంత బాగున్నా ఆరేళ్లు దాటి పగుళ్లు పడ్డ టైరుతో కొండెక్కకండి. గాలి ఒక్కరికైతే ముందు 18 పీఎస్ఐ, వెనక 28. వెనక మనిషి, సామాను ఉంటే వెనక 30 నుంచి 32.

చైనును కిరోసిన్‌తో కడిగి ఆరాక నూనె పట్టించండి. చక్రాన్ని తిప్పుతూ చైను ఎక్కడ బాగా బిగువుగా ఉందో అక్కడ 25 మిల్లీమీటర్ల ఆట ఉంచండి. రెండు వైపులా చైను బిగువు సర్దే నత్త ఆకారం బిళ్లలు ఒకే గాటులో ఉండాలి, లేకపోతే చక్రం పక్కకు లాగుతుంది. చైను లింకు లాక్ క్లిప్పు మూసి ఉన్న వైపు చైను నడిచే దిక్కుకు ఉండాలి.

వెంట తీసుకెళ్లేవి

పాయింట్ల సెట్టు, కండెన్సర్, ప్లగ్గు, ఫ్యూజులు, చైన్ లింకు, వెనక ట్యూబు, చిన్న పంపు, ఇన్సులేషన్ టేపు, ఒక మీటరు పొడవు వైరు, ఇనప తీగ. ఈ పాత ఇంజన్ సామాన్లు కొండ ఊళ్ల షాపుల్లో దొరకడం కష్టం. విజయనగరంలోనో బరంపురంలోనో ముందే కొనుక్కోండి, కొన్న కండెన్సర్‌ను ఇంటి దగ్గర ఒకసారి బిగించి నడిపి చూశాకే సంచిలో పెట్టండి. క్లచ్ కేబుల్ కొత్తది సంచిలో మడిచి పెట్టకుండా, పాతదాని పక్కనే బండికి కట్టేయండి. తెగితే రెండు చివరలు మార్చుకోవడమే, ట్యాంకు విప్పే పని ఉండదు.

కాగితాల సంగతి మన సరిహద్దు వాళ్లకు మరీ ముఖ్యం. పదిహేనేళ్లు దాటిన బండి ఆర్సీని ఐదేళ్లకోసారి రెన్యూ చేయించాలి. ఏపీ నంబరు బండిని పన్నెండు నెలలకు మించి ఒడిశాలో ఉంచితే ఇక్కడ రీ-రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. చుట్టాల బండి తెచ్చి ఏళ్ల తరబడి వాడేవాళ్లు మన వీధుల్లో చాలామంది ఉన్నారు. అలాంటి బండితో రెండు రాష్ట్రాలు తిరగకండి.

అన్నీ అయ్యాక సామాను కట్టి, వెనక మనిషిని కూర్చోబెట్టి లక్ష్మీపూర్ దాకా వెళ్లి రండి. యాభై కిలోమీటర్ల తర్వాత ఆగి, ఇంజన్ స్టడ్లు, సైలెన్సర్ క్లాంపు, యాక్సిల్ నట్లు మళ్లీ పానాతో చూడండి, మొదటిసారి బిగించినవి సర్దుకుని వదులవుతాయి. రెండు చక్రాల హబ్బుల మీద చెయ్యి పెట్టండి. బ్రేకు వాడకుండా వచ్చినా ఒకటి కాగుతుంటే అక్కడ షూ రాసుకుంటోంది, లేదా బేరింగు పట్టేస్తోంది. ఇంటికొచ్చాక దాన్ని విప్పి సరిచేసి, మళ్లీ ఇరవై కిలోమీటర్లు తోలి, హబ్బు చల్లగా ఉంటే మర్నాడు తెల్లారుజామున బయల్దేరండి.